కచ్చురానికి పూసిన రంగు

మ్యూజియం ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు శిక్షణలో చాలా నేర్పుతారు. వస్తువు కింద చీటీ ఎలా రాయాలో, చెదలకు ఏ మందు కొట్టాలో, బడిపిల్లలు వస్తే ఎంత దూరంలో నిలబెట్టాలో అన్నీ చెప్తారు. పక్క ఊరి మ్యూజియం బాగుపడుతుంటే మన కడుపులో లేచే మంటకు ఏం మందు వేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మంటలో నేను చేసిన పని ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా పదోన్నతులు, నాకు కప్పిన శాలువాలు ఇందులో రావు. శాలువాలు మా ఆవిడ ట్రంకులో పెట్టింది, వాటికీ ఈపాటికి చెదలు పట్టే ఉంటాయి.

అడుక్కునే ఉద్యోగం

నేను పనిచేసింది జనగామలో. పాత ధాన్యం గోదామును బాగుచేసి పెట్టిన చిన్న మ్యూజియం మాది. నాణేలు, రాతి గొడ్డళ్లు లోపల అద్దాల కింద ఉండేవి. పాత బండ్లు మాత్రం వెనక రేకుల కింద. ఆ రేకులకు ఎన్ని చిల్లులంటే, వాన పడితే గొడుగు వేసుకుని బండ్ల దగ్గరికి పోవాలి.

ఆ బండ్లలో విలువైనది కచ్చురం. ఇప్పటి పిల్లలకు తెలియదు గనక చెప్తున్నాను. రెండు ఎద్దులు లాగే సవారీ బండి అది. పైన గూడు, లోపల పరుపు, పక్కన పరదాలు. గడీల్లో ఉండే దొరసానులు అందులో తిరిగేవాళ్లు. మా దగ్గరున్నది మహబూబాబాద్, అంటే మానుకోట వైపు ఒక పల్లె గడీ నుంచి వచ్చింది. గూటి చుట్టూ చిలకలు చెక్కి ఉండేవి. నొగలు, అంటే ఎద్దుల దాకా ముందుకు పోయే రెండు పొడుగు కర్రలు, మంచి టేకువి. అంత టేకు ఇప్పుడు కళ్లతో చూడటమే కష్టం.

ఇలాంటి వాటిని కాపాడాలంటే పైసలు కావాలి. పైనుంచి రావు. కాబట్టి మ్యూజియం ఉద్యోగమంటే సగం అడుక్కోవడమే, సిగ్గుపడకండి. మొదట్లో నాకు ఒక పెద్దసారు ఉండేవాడు. పంచె కట్టు, చేతిలో ఎప్పుడూ రశీదు పుస్తకం. ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క విద్య.

"అడగనిదే అమ్మ గూడ పెట్టది. కని అడిగేదానికి ఒక పద్ధతుంటది. ఎవలింటికి పోయినా ముందుగాల మంచినీళ్లడుగు. నీళ్లు తాగు, పంటల ముచ్చట, పిల్లల ముచ్చట మాట్లాడు. గప్పుడు చందా ముచ్చట తియ్యి. తన ఇంట్ల నీళ్లు తాగినోన్ని ఎవ్వడు ఉత్తచేతులతోని పంపడు."

నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచాను. నడిచాననే అనుకున్నాను. మాది భూములున్న పెద్ద ఇల్లు. నేను నీళ్లడిగింది అలాంటి ఇళ్లలోనే. మిగతా వాడల్లోకి పోయినప్పుడు ఎవరైనా చెంబు పట్టుకొస్తే "ఇప్పుడే తాగొచ్చిన" అనేవాణ్ని. మా నాయిన అలాగే అనేవాడు, నాకూ నోటికి అలాగే వచ్చేది. అది తప్పా ఒప్పా అని ఆలోచించడం కాదు, అలా అంటున్నానన్న సంగతే నాకు తెలియదు.

ఎస్తేరు

నా చేతి కింద అసిస్టెంటుగా ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఎస్తేరు. ఘనపూర్ దగ్గర పల్లె. తల్లీతండ్రీ కూలికి పోయి చదివించారు. ఆదివారం ప్రార్థనకు పోవాలని సెలవు అడిగేది, మిగతా ఆరు రోజులూ ఇద్దరు మనుషుల పని చేసేది. వస్తువును రెండు చేతులతో ఎలా పట్టుకోవాలో నేనే చూపించాను. "ముందు చూడు, తర్వాత ముట్టుకో, ఆఖరుకు రాయి" అని నేను ఆమెకు రోజూ చెప్పేవాణ్ని. ఆమె దాన్ని అట్టముక్క మీద రాసి బల్ల మీద పెట్టుకుంది. అప్పుడు నాకు ఎంత గొప్పగా ఉండేదో.

కొన్నేళ్లకు ఆమెకు భూపాలపల్లిలో వేరే చిన్న మ్యూజియం అప్పగించారు. అక్కడ బొగ్గు గనిలో పట్టాల మీద నడిచిన పాత ఇనుప తొట్లు కొన్ని తుప్పు పట్టి పడి ఉండేవి. వాటిని టబ్బులంటారు. ఒక్క ఎండాకాలంలో ఎస్తేరు వాటికి చందాలు లేపి, గద్దె కట్టించి, కప్పు వేయించింది. అప్పటికి నేను కచ్చురానికి షెడ్డు కోసం నాలుగేళ్లుగా తిరుగుతున్నాను.

"నీ శిష్యురాలు గట్టిదయ్యా, గురువును మించింది" అన్నాడు మా కొత్త అధికారి ఫోనులో. ఆ మాట విని నవ్వాను. నవ్వితే దవడలు నొప్పి పుట్టడం ఆ రోజే చూశాను.

అభినందించి వస్తానని ఇంట్లో చెప్పి భూపాలపల్లి బస్సెక్కాను. అసలు పోయింది ఆమె ఎట్ల చేసిందో చూద్దామని, ఎక్కడైనా లోపం దొరక్కపోతుందా అని. టబ్బుల చుట్టూ చిన్న చిన్న ఇనుప బిళ్లలు వరసగా వేలాడుతున్నాయి. గనిలో టబ్బు నింపినవాడు ఇది నేను నింపిందని గుర్తుకు తన బిళ్ల తగిలించేవాడట. ఎస్తేరు ఆ పద్ధతినే పట్టుకుంది. చందా ఇచ్చిన ప్రతి మనిషి పేరూ ఒక బిళ్ల మీద కొట్టించి టబ్బుకు తగిలించింది. నేను నిలబడి చూస్తుండగానే ఒక రిటైరైన కార్మికుడు మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు.

"గిది నా బిళ్ల సార్," అని నాకు చూపించాడు. "నేను పోయినా గీడనే ఉంటది."

అంత తేలిక ఉపాయం నాకెందుకు తట్టలేదు! ఎస్తేరు చాయ్ తెప్పించింది. ముఖం వెలిగిపోతోంది.

"అంత మీరు చెప్పిందే సార్. ముందుగాల నీళ్లడగమన్నరు గదా. క్వార్టర్లల్ల ఇల్లిల్లు తిరిగిన. నీళ్లు తాగి తాగి కడుపు కుండ లెక్కైంది!"

ఆ పిల్ల మనసులో కల్మషం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఎస్తేరు పనికి వంకలు పెట్టాను. మా ఆవిడ చూసి చూసి అడిగింది.

"గా పిల్ల మీద గంత మంటెందుకయ్యా నీకు? నువ్వు నేర్పిన పిల్లనే గదా."

"గందుకే," అన్నాను. ఆ రాత్రికి నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఎవరి పేరు పైన

కొత్త అధికారి గడువు పెట్టాడు. వానలు పడేలోపు షెడ్డుకు చందా లేపాలి, లేకుంటే ఆ కట్టెలన్నీ వేలం వేసి స్థలం ఖాళీ చేయాలి. కట్టెలట! కచ్చురాన్ని కట్టెలన్నాడు.

నాకు తెలిసిన పెద్ద ఇళ్లన్నీ తిరిగాను. నీళ్లు తాగాను, మజ్జిగ తాగాను, ఒకచోట భోజనం కూడా చేశాను. రెండు కుటుంబాలు మొత్తం షెడ్డు మేమే కట్టిస్తామని ముందుకొచ్చాయి. ఒకటి కచ్చురం ఇచ్చిన గడీ వాళ్ల వంశం. ఇంకొకటి ఈ మధ్య రాజకీయంలో పైకొచ్చిన ఇల్లు. ఇక నాకు తిరుగులేదనుకున్నాను. అప్పుడొచ్చింది శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలనే పంచాయితీ. బండి మాది అని వాళ్లు, పైసలు మావి అని వీళ్లు. ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేద్దామంటే ఎడమపక్క ఎవరని అడిగారు. గుండ్రంగా చెక్కిద్దామని కూడా చెప్పాను. చివరికి ఇద్దరూ మానేశారు. పెద్ద ఇళ్ల మాట నమ్మి షెడ్డు స్తంభాలకు గుంతలు తవ్వించకండి. నేను నాలుగు తవ్వించాను, తర్వాత నేనే పూడ్పించాను.

ఇక దిక్కులేక కచ్చురం పుట్టిన పల్లెకు పోయాను. బండి మీ ఊరిది, ఊరి జనం తలా కొంచెం ఇవ్వండని అడుగుదామని. వాడకట్టులో మొదటి ఇల్లు ఎల్లయ్య అనే ముసలాయనది. ఎనభై దాటి ఉంటాయి. ఆయన భార్య మల్లవ్వ నన్ను చూడగానే గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"ఇప్పుడే తాగొచ్చిన," అన్నాను.

ఆమె గ్లాసు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి లోపలికి పోయింది. నేను మంచం అంచున కూర్చుని, ఎల్లయ్యా, మీ ఊరి కచ్చురం, మీ ఊరి పరువు, అని మొదలుపెట్టాను. ఆయన మొత్తం విన్నాడు.

"మా నాయిన గా కచ్చురం ముంగట ఉరికిండు సారూ. వెట్టికి. దొరసాని మానుకోట పోతే మానుకోట దాక, ఎద్దుల ముంగట, తొవ్వ తప్పుకోండ్రని ఒర్రుకుంట. గా బండికి నీడ కట్టియ్యనీకి నేను పైసలియ్యాల్నా?"

"గది పాత ముచ్చట ఎల్లయ్యా. ఇప్పుడది చరిత్ర," అన్నాను.

"ఎద్దు పుండు నొప్పి కాకికేమెరుక," అని ఆయన లేచి బీడీ కోసం లోపలికి పోయాడు. మళ్లీ బయటికి రాలేదు. నన్ను కాకి అంటాడా అని దారి పొడుగునా కోపంగానే ఉన్నాను.

రుద్దు

ఆ వారమే అధికారి ఎస్తేరును నాకు సాయంగా జనగామకు పంపించాడు. సాయమట! నేను పాఠం చెప్పిన గదిలోకి ఆమె నాకు పాఠం చెప్పడానికి వచ్చినట్టనిపించింది. ఆమె మాత్రం వస్తూనే పాత బల్ల తుడుచుకుని కూర్చుంది. ఎల్లయ్య మాటలు నేను వెటకారంగా చెప్తే ఆమె నవ్వలేదు.

"నేనొకసారి పోయొస్త సార్," అంది.

పోయి రెండు రోజులు అక్కడే ఉంది. మూడోరోజు పొద్దున ఫోను చేసింది. గొంతులో ఆపుకోలేని సంతోషం.

"సార్, రేపు ఎల్లయ్య తాతను తోలుకొస్తున్న. ఒక మంచి ముచ్చటున్నది, వచ్చి చెప్త. అప్పటిదాక కచ్చురాన్ని ఏం చెయ్యకుండ్రి, సరేనా?"

నాలుగేళ్లు తిరిగింది నేను. గుంతలు తవ్వించి పూడ్పించింది నేను. నన్ను బయటికి పొమ్మన్నంత పనిచేసిన ముసలాయన ఈమె వెంట బస్సెక్కి వస్తాడు. పైగా నా కచ్చురాన్ని ఏం చేయాలో ఏం చేయొద్దో ఈమె నాకు చెప్తుంది. ఒళ్లు భగ్గుమంది. ఆమె వచ్చేసరికి ఆ బండి ధగధగా మెరవాలి, అధికారి చూస్తే ఇది ఎవరు చేశారని నన్నే అడగాలి, అంతే అనుకున్నాను. దసరాకు మా ప్రాంతంలో బండ్లకు, నాగళ్లకు రంగులు వేస్తాం గదా, అలా చేస్తే తప్పేముందని నాకు నేనే చెప్పుకున్నాను. పాత వస్తువుకు రంగు పూయొద్దని వందసార్లు ఎస్తేరుకు చెప్పినవాణ్ని నేనే.

బస్టాండు దగ్గర షాపులకు పేర్లు రాసే పెయింటరును పిలిపించాను. ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ డబ్బాలు, చిలకలకు బంగారు రంగు. అతను ముందుగా ఉప్పుకాగితంతో చెక్కంతా రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆగాడు.

"సార్, గీ నొగ లోపటి దిక్కు గీతలున్నయి. ఇనుప మొలతోని గీసినట్టున్నయి, వరుసగా. రుద్దాల్నా?"

ఇక్కడ మీరు జాగ్రత్తగా చదవండి. నాకు ఆ క్షణంలో అనుమానం వచ్చింది. ఆమె చెప్పిన మంచి ముచ్చట ఇదేనేమో అనిపించింది. లేచి చూడటానికి పది అడుగులు. భూతద్దం నా సొరుగులోనే ఉంది. అనుమానం వచ్చింది కాబట్టే కుర్చీలోంచి లేవలేదు.

"రుద్దు," అన్నాను.

నున్నటి కర్ర

మర్నాడు ఎస్తేరు ఎల్లయ్యను పట్టుకుని నడిపించుకొచ్చింది. కొత్త పంచె కట్టుకున్నాడు. రంగు వాసన ఇంకా గుప్పుమంటోంది. ఎస్తేరు ద్వారంలోనే ఆగిపోయింది. ముసలాయనకు రంగు సంగతి పట్టలేదు. తిన్నగా నొగ దగ్గరికి పోయి, వంగి, లోపలివైపు చేయి పెట్టి తడిమాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు.

అప్పుడు ఎస్తేరు నాకు చెప్పింది. దొరసాని పోయిన ఇంట్లోంచి తిరిగొచ్చేదాకా ఆయన తండ్రి బండి దగ్గర ఆగేవాడట. ఉరికిన ప్రతిసారీ మొలతో నొగ లోపల ఒక గీత గీసేవాడట, ఎవరికీ కనపడకుండా. పిల్లలకు ఆ సంగతి చెప్పి పోయాడట. ఇది తెలిసినాక, ఆ గీతలను కాపాడటానికి చందా ఇస్తామని వాడకట్టంతా ఒప్పుకుందట.

"గీతలు లెవ్వు బిడ్డా," అన్నాడు ఎల్లయ్య. నడుము పట్టుకుని లేచాడు. ఎస్తేరు ముఖంలోకి చూశాడు. "మా నాయిన అబద్ధమాడిండా?"

ఎస్తేరు నా వైపు చూసింది. బండి కింద ఉప్పుకాగితం ముక్కలు, చెక్క పొడి ఊడ్వకుండా అలాగే ఉన్నాయి. ఆమె వాటినీ చూసింది.

"పాత కట్టె గదా, అరిగిపోయుంటయి," అన్నాను నేను.

ఆమె నా మీద ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు. చెప్తే నేను తిరగబడి పోట్లాడేవాణ్ని, కొంత భారం దిగేది. షెడ్డు మాత్రం కట్టించింది. మళ్లీ ఆ పల్లెకే పోయి, ఇల్లిల్లూ తిరిగి, కచ్చురం ముందు ఉరికిన వాళ్ల పేర్లు రాయించుకుంది. షెడ్డు ముందు బోర్డు పెట్టించింది, దొర పేరు చిన్న అక్షరాల్లో కింద, ఉరికిన వాళ్ల పేర్లు పెద్దగా పైన. పల్లె నుంచి ట్రాక్టరు ఎక్కి వచ్చి జనం చందాలిచ్చి పోయారు. వానకు ముందే కప్పు పడింది, వేలం ఆగింది. ఆ బోర్డు ముందు నిలబడి ఆడవాళ్లు ఏడుస్తుంటే, నేను అంత చేసి కూడా ఏమనుకున్నానో తెలుసా? ఈ కన్నీళ్లు నా ఖాతాలో పడాల్సినవి అనుకున్నాను. ఓర్వలేనితనానికి సిగ్గు ఉండదు, మీకు వస్తే ముందుగా దాన్ని గుర్తుపట్టండి.

నేను పూయించిన రంగు మొదటి వానాకాలానికే పొక్కులు లేచింది. దాన్ని ఒలిపించే పని కూడా ఎస్తేరే చేసింది. కింద కర్ర నున్నగా బయటపడింది.

ఆ బోర్డు మీద ఒక పేరు మాత్రం లేదు. ఎల్లయ్య తన తండ్రి పేరు వద్దన్నాడట. "గీతలే లెవ్వు, పేరెందుకు బిడ్డా. పదిమందిల నగుబాటు," అన్నాడట. ప్రారంభోత్సవానికి కూడా రాలేదు.

గ్లాసు నీళ్లు

రిటైరైన రెండో నెలలో ఆ పల్లెకు పోయాను. ఎల్లయ్య మంచంలో ఉన్నాడు, చూపు తగ్గింది. నా గొంతు మాత్రం గుర్తుపట్టాడు. మల్లవ్వ గ్లాసు తీసింది.

"సారుకు నీళ్లెందుకే, తాగడాయన," అన్నాడు.

"తాగుత బాపూ," అన్నాను. గ్లాసు పూర్తిగా తాగాను. ఆ తర్వాత చెప్పాను, "మీ నాయిన అబద్ధమాడలె. గీతలుండె. నేనే గీకిపిచ్చిన. ఎస్తేరు మీద మంటతోని."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. మల్లవ్వ గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మోచేతి మీద లేచాడు. ముఖంలో కోపం లేదు. ఏదో దొరికినట్టు ఆత్రంగా ఉంది.

"ఉండెనా? నిజంగ ఉండెనా సారూ?"

"ఉండె బాపూ. వరుసగ."

"ఎన్నుండె?" అన్నాడు. "ఎన్నిసార్లు ఉరికిండో మాకు నోటితోని చెప్పలె. బండి మీద రాసిపెట్టిన, ఎన్నడన్న పోయి సూసుకొండ్రి అన్నడు. ఎన్నుండె సారూ?"

నా ఉద్యోగమంతా వస్తువులను చూడటమే. జీతం తీసుకుంది అందుకే. ఆయన నా నోటికేసి చూస్తూ ఉన్నాడు, మల్లవ్వ కూడా కొంగు తీసి చూస్తోంది. నేను లేచి చూడలేదు.

ఎస్తేరైతే లెక్కపెట్టి ఉండేది.